నైలు నదిపై లగ్జర్ – అస్వాన్ క్రూయిజ్: గదులు, భోజనం, సదుపాయాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈజిప్టు టూరు ప్యాకేజీ కాగితంలో పిరమిడ్ల గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. మూడు నాలుగు రాత్రులు మనం పడుకుని, తిని, స్నానం చేసే ఓడ గురించి మాత్రం "ఫైవ్ స్టార్ క్రూయిజ్, అన్ని భోజనాలతో సహా" అని ఒక్క లైను కనిపిస్తుంది. అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకు, శాకాహారులకు, చిన్నపిల్లలున్నవాళ్లకు అసలు సందేహాలన్నీ ఆ ఒక్క లైను దగ్గరే మొదలవుతాయి. ఏ ఓడ ఎంత అందంగా ఉందన్నది ఫోటోల్లో తెలిసిపోతుంది. గది ఓడలో ఏ చోట ఉంది, వంటవాళ్లకు మన తిండి సంగతి ఎప్పుడు చెప్పాం అన్న రెండు విషయాలే ప్రయాణం సుఖంగా సాగుతుందా లేదా అన్నది తేలుస్తాయి. అందుకే వాటి గురించి ఇక్కడ కాస్త ఎక్కువగా రాశాను.

ఓడ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతుంది? ఎన్ని రోజులు?

మామూలుగా లగ్జర్ నుంచి అస్వాన్‌కు నాలుగు రాత్రులు, అస్వాన్ నుంచి లగ్జర్‌కు మూడు రాత్రులు. దూరం నది మీద 200 కిలోమీటర్లకు కాస్త పైన. నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది కాబట్టి లగ్జర్ నుంచి బయలుదేరితే ప్రవాహానికి ఎదురు వెళతారు. దారిలో ఎస్నా దగ్గర లాకు, అంటే నీటిమట్టం మార్చి ఓడను ఆనకట్ట దాటించే గేట్ల తొట్టి, దాటాలి. ఎడ్ఫు, కోమ్ ఓంబో ఊళ్ల దగ్గర ఆగి గుళ్లు చూస్తారు. అస్వాన్ పైన 1970లో పూర్తయిన హై డ్యామ్ అడ్డం ఉంది కాబట్టి ఈ ఓడలు అక్కడితో ఆగిపోతాయి. డ్యామ్ వెనకాల ఉన్న నాసర్ సరస్సులో తిరిగే ఓడలు వేరు.

కైరో నుంచి లగ్జర్‌కో అస్వాన్‌కో చాలామంది విమానంలో వెళతారు, రాత్రి రైలు కూడా ఉంది.

ఒక సంగతి ముందే తెలిసుంటే మంచిది. 200 కిలోమీటర్లకు నాలుగు రాత్రులంటే ఓడ నడిచే సమయం కంటే ఒడ్డున కట్టేసి ఉండే సమయమే ఎక్కువ. లగ్జర్‌లో మొదటి రాత్రి, అస్వాన్‌లో చివరి రాత్రి చాలావరకు రేవులోనే గడుస్తాయి.

ఓడ ఎలా ఉంటుంది?

పాపికొండల లాంచీని ఊహించుకుని వెళితే ఆశ్చర్యపోతారు. ఇవి నాలుగైదు అంతస్తుల తేలే హోటళ్లు. నైలు లోతు తక్కువ కాబట్టి అడుగు చదునుగా ఉంటుంది. సముద్రపు ఓడల్లా వేల మంది పట్టరు. ఎక్కువ ఓడల్లో గదులు వందకు లోపే, చిన్నవాటిలో ముప్ఫై నలభై కూడా ఉండవచ్చు.

ఒడ్డు నుంచి చెక్కబల్ల దాటి లోపలికి రాగానే రిసెప్షన్. చాలా ఓడల్లో డైనింగ్ హాలు దానికి ఒక అంతస్తు కింద, నీటిమట్టానికి దగ్గరగా ఉంటుంది. పైన లాంజ్, బార్, ఒకటి రెండు దుకాణాలు. అన్నిటికంటే పైన సన్ డెక్, అంటే సగం నీడ, సగం ఎండ ఉన్న పెద్ద డాబా. చిన్న ఈతకొలను కూడా అక్కడే.

ఏ అంతస్తులో గది తీసుకోవాలి?

చాలామంది "పైన ఉంటే మంచిది" అని డబ్బు ఎక్కువ కట్టి తీసుకుంటారు. అది సగమే నిజం. కింది అంతస్తు గదుల కిటికీలు నీటికి కొంచెం పైన ఉంటాయి. దృశ్యం తక్కువ, ఒడ్డున కట్టేసినప్పుడు రేవు గోడ తప్ప ఏమీ కనబడకపోవచ్చు. ఒకటి రెండు అంతస్తులు పైకి వెళితే కిటికీ పెద్దది, వెలుతురు ఎక్కువ. మరీ పైన, సన్ డెక్‌కు సరిగ్గా కింద ఉన్న గదిలో తెల్లవారుజామున డెక్ మీద కుర్చీలు జరిపే చప్పుడు వినబడుతుంది.

నన్నడిగితే, పైనా కిందా అన్నదానికంటే ముందా వెనకా అన్నదే ముఖ్యం. ఇంజను, జనరేటరు సాధారణంగా ఓడ వెనక భాగంలో ఉంటాయి. ఓడ రేవులో ఆగి ఉన్నా కరెంటు కోసం జనరేటరు తిరుగుతూనే ఉంటుంది. వెనక చివరి గదుల్లో ఆ మోత, మంచానికి సన్నటి అదురు రాత్రంతా ఉంటాయి. నిద్ర తేలికగా చెదిరిపోయే పెద్దవాళ్లు ఉంటే "మధ్య అంతస్తు, ఓడ మధ్య భాగం లేదా ముందు భాగం" అని బుక్ చేసేటప్పుడే మెయిల్‌లో రాయించుకోండి. ఓడ ఎక్కాక మారుద్దామంటే ఖాళీ దొరకడం కష్టం. ఈ కోరికకు చాలాసార్లు అదనంగా ఒక్క రూపాయి కూడా పడదు, అడగాలంతే.

కుడి వైపు మంచిదా, ఎడమ వైపా?

లగ్జర్ నుంచి అస్వాన్‌కు వెళుతుంటే కుడి వైపు పడమటి ఒడ్డు, ఎడమ వైపు తూర్పు ఒడ్డు. కుడి వైపు గదికి సాయంత్రం సూర్యాస్తమయం కనబడుతుంది, వేసవిలో అదే గదికి మధ్యాహ్నం ఎండ కొడుతుంది. లగ్జర్, కోమ్ ఓంబో, అస్వాన్ రేవులు తూర్పు ఒడ్డున, ఎడ్ఫు పడమటి ఒడ్డున. రెండు వైపులా పొలాలు, తాటి జాతి చెట్లు, వెనక ఇసుక కొండలు ఉంటాయి. ఓడ నడిచేటప్పుడు ఎలాగూ అందరూ డెక్ మీదే ఉంటారు కాబట్టి దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

కిటికీ తెరిస్తే పక్క ఓడ గోడ కనబడుతుందంటారు, నిజమేనా?

నిజమే. రేవుల్లో చోటు తక్కువ, ఓడలు ఎక్కువ. అందుకే ఒకదాని పక్కన ఒకటి ఆనించి వరుసగా కట్టేస్తారు. మీ కిటికీకి చేతికందేంత దూరంలో పక్క ఓడవాళ్ల కిటికీ ఉండవచ్చు. కర్టెన్ వేసుకోవడం మర్చిపోకండి. ఒడ్డుకు వెళ్లాలంటే మధ్యలో ఉన్న ఓడల రిసెప్షన్ హాళ్లలోంచే నడిచి వెళ్లాలి. అన్నీ ఒకేలా కనబడతాయి కాబట్టి తిరిగి వచ్చేటప్పుడు పొరపాటున వేరే ఓడలోకి వెళ్లేవాళ్లు చాలామంది. దిగేటప్పుడు సిబ్బంది ఇచ్చే కార్డును జేబులో పెట్టుకోండి, ఓడ పేరు ఉన్న బోర్డును ఫోన్‌లో ఫోటో తీసుకోండి. పెద్దవాళ్ల జేబులో కూడా ఒక కార్డు పెట్టండి.

గదిలో ఏమేమి ఉంటాయి? ముగ్గురం సర్దుకోగలమా?

ఏసీ, చిన్న ఫ్రిజ్, టీవీ, లాకర్, బట్టల అలమార, అద్దం బల్ల, బాత్రూం. గది సుమారు 20 చదరపు మీటర్లు, అంటే 215 చదరపు అడుగులు, పాత ఓడల్లో ఇంకొంచెం తక్కువ. ఇద్దరికి హాయిగా సరిపోతుంది. మూడో మనిషికి సోఫాను మంచంగా మార్చి ఇస్తారు. పదేళ్ల పిల్లకు అది చాలు, నడివయసు మనిషికి మూడు రాత్రులు కష్టం. పెద్ద సూట్‌కేసులు తెరిచి పెట్టడానికి చోటుండదు. సామాను సర్దేశాక ఖాళీ పెట్టెను మంచం కింద తోసేయండి.

చాలా ఓడల్లో రెండు విడి మంచాలున్న గదులే ఎక్కువ. కొత్తగా పెళ్లయినవాళ్లు డబుల్ బెడ్ కావాలని ముందే చెప్పాలి. అమ్మానాన్నలకు ఎదురు గది లేదా పక్క గది కావాలన్నా అంతే.

బాత్రూం మనకు అలవాటైనట్టు ఉంటుందా?

వెస్టర్న్ కమోడ్, షవర్. కొన్ని ఓడల్లో టబ్. ఈజిప్టులో నీళ్లతో కడుక్కోవడం మామూలు అలవాటే కాబట్టి కమోడ్‌కు నీళ్ల ఏర్పాటు చాలావరకు ఉంటుంది. బకెట్, మగ్గు మాత్రం ఉండవు. షవర్ కింద నిలబడలేని పెద్దవాళ్ల కోసం ఒక ప్లాస్టిక్ మగ్గు పట్టుకెళ్లండి. టబ్ గోడ ఎత్తుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దాటి లోపల కాలు పెట్టడం ప్రమాదం. అలాంటివాళ్లకు "షవర్ మాత్రమే ఉన్న గది" అడగండి.

భోజనం ఎన్ని పూటలు? ఎప్పుడెప్పుడు?

టిఫిను, మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం టికెట్టులోనే కలిసి ఉంటాయి. ఎక్కువగా బఫే. సాయంత్రం డెక్ మీద టీ, బిస్కెట్లు, కేకు పెడతారు. వేళలు గట్టిగా పాటిస్తారు. గుళ్లు చూసే సమయాన్ని బట్టి రోజూ కాస్త మారుతుంటాయి కూడా. రిసెప్షన్ దగ్గర బోర్డు మీద రాస్తారు, రాత్రి పడుకునేముందు ఒకసారి చూసుకోండి. షుగర్ మందులు వేసుకునేవాళ్లు చేతిలో ఏదో ఒకటి ఉంచుకోవాలి. ఎడ్ఫు లాంటి చోట్లకు ఒక్కోసారి తెల్లవారకముందే, టిఫిను లేకుండానే బయలుదేరదీస్తారు.

మొదటి పూట మీకు చూపించిన టేబులే సాధారణంగా చివరి వరకూ మీది. కిటికీ పక్కది కావాలంటే మొదటి రోజే అడగాలి.

శుద్ధ శాకాహారులం. ఏం తింటాం?

ఆకలితో ఉండరు. ఈజిప్టు సామాన్యుల తిండిలో గింజలు, పప్పులదే పెద్ద పాత్ర. పొద్దున పూట ఫూల్ అని బాకలా గింజలను (ఫావా బీన్స్) మెత్తగా ఉడికించి నూనె, జీలకర్ర, నిమ్మరసం వేసి పెడతారు. తామేయా అంటే అవే గింజలను ఆకుకూరలతో రుబ్బి వేయించిన వడ, వేడిగా ఉన్నప్పుడు చాలా రుచి. మధ్యాహ్నం మసూర్ పప్పు సూపు, నువ్వుల తహీనా, వంకాయ కాల్చి చేసిన బాబా గనూష్, గోధుమ రొట్టె ఉంటాయి. కొన్ని పూటలు కొషరీ పెడతారు. అన్నం, పప్పు, మాకరోనీ, శనగలు కలిపి మీద టొమాటో సాసు, వేయించిన ఉల్లిపాయ వేస్తారు. కారం సాసు విడిగా అడగండి, మనవాళ్లకు అదే ప్రాణం పోస్తుంది.

జాగ్రత్త పడాల్సినవి కొన్ని ఉన్నాయి. పైకి శాకాహారంలా కనబడి మోసం చేసేవి ఇవే. మొలోఖియా అనే ఆకుకూర పులుసును మామూలుగా కోడి రసంతో చేస్తారు. మహషీ, అంటే అన్నం కూరిన క్యాబేజీ ఆకులు, మిరపకాయలు, వంకాయలు, మాంసం రసంలో ఉడికినవై ఉండవచ్చు. బెండకాయ కూర మాంసం ముక్కలతో వండే ఇళ్లు, హోటళ్లు ఎక్కువ. తెల్ల సాసు వేసిన మాకరోనీ పొరల మధ్యలో బీఫ్ కీమా ఉంటుంది. మాంసం తినేవాళ్లే అయినా బీఫ్ ముట్టనివాళ్లు ఈ మాకరోనీ, కోఫ్తాల విషయంలో అడిగి వడ్డించుకోవాలి. ముస్లిం పాఠకులకు ఆ సమస్య లేదు, మాంసం హలాలే.

ఓడ ఎక్కిన గంటలోనే రెస్టారెంట్ మేనేజరును కలిసి మాట్లాడండి. "వెజిటేరియన్" అని ఒక్క మాట చెప్పి ఊరుకోకండి, చేప తింటారేమో అనుకుంటారు. మాంసం, కోడి, చేప, గుడ్డు, మాంసం రసం వద్దని విడివిడిగా చెప్పండి. ఈజిప్టులోని కాప్టిక్ క్రైస్తవులు సంవత్సరంలో ఎన్నో రోజులు మాంసం, గుడ్డు, పాలు లేని ఉపవాస భోజనం చేస్తారు. దాన్ని సియామీ అంటారు. కాబట్టి ఇలాంటి వంట అక్కడి వంటవాళ్లకు కొత్త కాదు. కొన్ని ఉపవాసాల్లో వాళ్లకు చేప చెల్లుతుంది కాబట్టి సియామీ అన్నాక కూడా చేప వద్దని చెప్పాల్సిందే. ముందు రోజు చెబితే బఫేలో లేని పప్పు, కూర విడిగా చేసి టేబుల్ దగ్గరకు తెచ్చే వంటవాళ్లు చాలా ఓడల్లో ఉన్నారు. వాళ్లు శ్రద్ధగా చేస్తారు, పేరు కనుక్కుని థాంక్స్ చెప్పండి.

అన్నం, పెరుగు దొరుకుతాయా?

రెండూ రోజూ ఉంటాయి. అన్నంలో చాలాసార్లు వేయించిన సన్న సేమియా కలుపుతారు, గింజ పొట్టిగా కాస్త ముద్దగా ఉంటుంది. జబాదీ అనే పెరుగు పొద్దున టిఫినులో తప్పకుండా పెడతారు. రాత్రికి కావాలంటే అడిగితే ఇస్తారు. అన్నం, పెరుగు, ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ ఉంటే మా అమ్మ తరం వాళ్లకు ఇంకేమీ అక్కర్లేదు. పచ్చడి, పొడులు గట్టిగా సీలు చేసిన ప్యాకెట్లలో చెక్-ఇన్ సామానులో పెట్టండి. డైనింగ్ హాలులో చిన్న డబ్బా తీసి వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. గదిలో రైస్ కుక్కరు, ఇండక్షన్ స్టవ్ మాత్రం వద్దు. ఓడలో అగ్నిప్రమాదం కంటే భయంకరమైనది లేదు.

తాగే నీళ్లు, కూల్‌డ్రింకుల సంగతేంటి?

కుళాయి నీళ్లు తాగకండి. సీసా నీళ్లే తాగాలి, పళ్లు తోముకోవడానికి కూడా అవే మంచిది. భోజనం ఉచితమే కానీ డైనింగ్ హాలులో తాగే నీళ్ల సీసా, కూల్‌డ్రింకు, జ్యూసు, మద్యం చాలా ప్యాకేజీల్లో విడిగా బిల్లు పడతాయి. గది నంబరు మీద రాసి చివరి రాత్రి మొత్తం కట్టమంటారు. అప్పుడు ఆశ్చర్యపోకుండా రోజూ సంతకం చేసిన చీటీలు దాచుకోండి.

ఓడ ఎక్కగానే చేతికి ఎర్రటి చల్లని షర్బత్ ఇస్తారు. అది కర్కదే, మన గోంగూర మొక్క ఎర్ర కాయల పైతొక్కలతో చేసేది. అస్వాన్ ప్రాంతం దీనికి పెట్టింది పేరు. పులుపు తెలిసిన మన నాలుకకు వెంటనే నచ్చుతుంది. బజారులో ఎండబెట్టినవి అమ్ముతారు.

కడుపు పాడవుతుందేమోనని భయంగా ఉంది.

కొత్త నీళ్లు, కొత్త నూనె, ఎండ, ఇవన్నీ కలిసి కొందరికి రెండో మూడో రోజు విరేచనాలు పట్టుకుంటాయి. పచ్చి సలాడ్లు, కోసి పెట్టిన పండ్లు, ఐసు మానేసి వేడిగా వండినవి, తొక్క వలుచుకునే పండ్లు తింటే చాలావరకు తప్పించుకోవచ్చు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, మీ డాక్టరు రాసిచ్చిన మందులు దగ్గర పెట్టుకోండి. ఓడలో డాక్టరు ఉంటాడన్న నమ్మకం పెట్టుకోవద్దు. లగ్జర్, అస్వాన్‌లలో మందుల దుకాణాలు, ఆసుపత్రులు ఉన్నాయి, రిసెప్షన్‌కు చెబితే పిలిపిస్తారు. నైలు నీటిలో దిగకండి, కాళ్లు కూడా పెట్టకండి. నత్తల ద్వారా వ్యాపించే బిల్హార్జియా అనే పరాన్నజీవి వ్యాధి ఆ నీళ్ల వల్ల వస్తుంది.

నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. ఓడ ప్రయాణం కుదురుతుందా?

కుదురుతుంది, కానీ ఓడను చూసి ఎంచుకోవాలి. లిఫ్టు ఉన్న ఓడలు కొన్నే. లిఫ్టు లేకపోతే గది నుంచి డైనింగ్ హాలుకు, డెక్‌కు రోజుకు ఎన్నోసార్లు మెట్లెక్కి దిగాలి. రిసెప్షన్ ఉన్న అంతస్తులోనే గది తీసుకుంటే దిగడం ఒక్క అంతస్తే అవుతుంది.

అసలు కష్టం రేవు దగ్గర. ఒడ్డు నుంచి నీటి వరకు నిటారు మెట్లు ఉంటాయి, కొన్నిచోట్ల పట్టుకోవడానికి కడ్డీ ఉండదు. శీతాకాలంలో డ్యామ్ నుంచి వదిలే నీళ్లు తగ్గినప్పుడు నది దిగి మెట్లు ఇంకా ఎక్కువవుతాయి. ఓడ సిబ్బంది చేయి పట్టి దాటిస్తారు, మొహమాటపడకుండా పిలవండి. ఎడ్ఫులో గుడికి ఓడ నుంచి గుర్రబ్బండి మీద వెళ్లే ఆనవాయితీ ఉంది. అది ఎత్తుగా ఉంటుంది, కుదుపులూ ఎక్కువ. పెద్దవాళ్ల కోసం కారు ఏర్పాటు చేయమని గైడును ముందు రోజే అడగండి. కోమ్ ఓంబో గుడి మాత్రం రేవు పక్కనే, డెక్ మీద కుర్చీలో కూర్చున్నా స్తంభాలు కనబడతాయి. నడవలేని రోజున అలా చూసినా తృప్తిగానే ఉంటుంది.

ఓడ ఊగుతుందా? వాంతులవుతాయా?

ఊగదు. నదిలో అలలు లేవు. సముద్రం పడనివాళ్లు కూడా ఇందులో హాయిగా ఉంటారు.

ఎస్నా లాకు దగ్గర ఏం జరుగుతుంది?

ఎస్నాలో 1908లో కట్టిన పాత ఆనకట్ట ఉంది, దాని దగ్గరే తర్వాతి కాలంలో కొత్తది కట్టారు. ఓడ గేట్ల మధ్యకు వెళ్లాక నీళ్లు నింపో వదిలో దాన్ని పైకి లేపుతారు, లేదా కిందికి దించుతారు. గోడకూ ఓడకూ మధ్య సందు చాలా తక్కువ. డెక్ మీద నుంచి చూడాల్సిన దృశ్యం ఇది, రాత్రి అయినా నిద్ర లేచి చూడండి. ఓడలు వరుసలో ఆగితే గంటలు పట్టవచ్చు. అప్పుడు మరుసటి రోజు గుడి వేళలు, భోజనం వేళలు జరుగుతాయి. అది ఓడవాళ్ల తప్పు కాదు.

ఇక్కడే చిన్న పడవల్లో వచ్చే వ్యాపారులు తువ్వాళ్లు, గలాబియాలు అనే పొడవాటి చొక్కాలు పై డెక్‌కు విసిరి బేరం మొదలుపెడతారు. కొనేది లేకపోతే ప్యాకెట్టు విప్పకుండా తిరిగి వేసేయండి.

డెక్, ఈతకొలను, రాత్రి కార్యక్రమాలు ఎలా ఉంటాయి?

ఈ ప్రయాణంలో అన్నిటికంటే విలువైన చోటు సన్ డెక్. ఎడ్ఫు నుంచి కోమ్ ఓంబో వైపు మధ్యాహ్నం ఓడ నడిచేటప్పుడు అక్కడ కూర్చుని చూస్తే చెరుకు తోటలు, గాడిదలు, నీళ్లలో నిలబడ్డ గేదెలు, మట్టి ఇళ్లు వరుసగా సాగిపోతుంటాయి. ఆ రెండు మూడు గంటలు గదిలో నిద్రపోయి పోగొట్టుకోకండి. ఈతకొలను చిన్నది, డిసెంబరు, జనవరిలో నీళ్లు వణికిస్తాయి. ఆ నెలల్లో రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగుతాయి, స్వెటరు తప్పనిసరి. జూన్ నుంచి ఆగస్టు వరకు పగలు 40 దాటుతుంది, డెక్ మీద నిలబడలేరు. అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు వెళ్లడం మేలు.

ఒక రాత్రి గలాబియా పార్టీ ఉంటుంది, అందరూ ఆ పొడవాటి చొక్కా వేసుకొస్తారు. ఇంకో రాత్రి అస్వాన్ ప్రాంతపు నూబియన్ జనం పాటలో, గిరగిర తిరిగే తనూరా నృత్యమో పెడతారు. ఇష్టం లేకపోతే వెళ్లక్కర్లేదు. లాంజ్‌లో, డెక్ మీద సిగరెట్ పొగ ఉంటుంది. ఆస్తమా ఉన్నవాళ్లు డెక్ ముందు భాగంలో గాలి ఎదురుగా వచ్చే చోట కూర్చోండి.

వైఫై, ఛార్జింగ్?

వైఫై చాలా నెమ్మది, కొన్నిచోట్ల డబ్బు కట్టాలి. కైరో ఎయిర్‌పోర్టులోనే లోకల్ సిమ్ తీసుకోండి. కరెంటు 220 వోల్టులు, గుండ్రటి రెండు పిన్నుల సాకెట్. మన రెండు పిన్నుల ఛార్జర్లు పడతాయి, మూడు పిన్నులవి పట్టవు. అమెరికా నుంచి వచ్చేవాళ్లకు అడాప్టరు కావాలి. డ్రోను తీసుకెళ్లకండి, ఈజిప్టులో అనుమతి లేకుండా నిషేధం.

టిప్పులు ఎంత ఇవ్వాలి?

అక్కడ టిప్పు జీతంలో భాగం లాంటిది. చివరి రాత్రి రిసెప్షన్‌లో ఒక కవరు ఇస్తారు లేదా పెట్టె ఉంటుంది. అందులో వేసింది వంటింట్లో, ఇంజను గదిలో కనబడకుండా పనిచేసేవాళ్లకు కూడా పంచుతారు. ఎంత వేయాలో మీ టూరు ఏజెంటును బయలుదేరే ముందే అడిగి, ప్యాకేజీలో కలిసిందో లేదో రాతలో తెలుసుకోండి. గైడుకు విడిగా ఇవ్వాలి. చిన్న నోట్లు దగ్గర ఉంచుకోండి.

అబూ సింబెల్ వెళ్లే రోజు టిఫిను ఎలా?

అబూ సింబెల్ అంటే పురాతన గుళ్లున్న చోటు. అస్వాన్ నుంచి సుమారు 280 కిలోమీటర్లు, రోడ్డు మీద మూడు గంటలకు పైనే. ఓడ నుంచి తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరతారు. అట్టపెట్టెలో టిఫిను కట్టి ఇస్తారు. రొట్టె, చీజ్, ఉడికించిన గుడ్డు, పండు, జ్యూసు. గుడ్డు వద్దని, బదులుగా ఇంకో పండో రొట్టో కావాలని ముందు రాత్రే చెప్పాలి, పొద్దున ఆ హడావుడిలో మార్చరు.

పెద్ద ఓడ వద్దు, ప్రశాంతంగా ఇంకేదైనా ఉందా?

దహబియా ఉంది. రెండు తెరచాపల పాతకాలపు పడవ, ఆరు నుంచి పది గదులు. ఇంజను ఉండదు, గాలి లేనప్పుడు చిన్న టగ్గు పడవ లాగుతుంది. పెద్ద ఓడలు ఆగని గెబెల్ ఎల్ సిల్సిలా రాతి గనుల దగ్గర, దీవుల దగ్గర ఆగుతుంది. ఇరవై మందికి లోపే వండుతారు కాబట్టి శాకాహారులకు ఇది చాలా నయం. ఖర్చు ఎక్కువ. చాలావరకు ఎస్నా నుంచి బయలుదేరతాయి. పది, పదిహేను మంది బంధువులు కలిసి వెళుతుంటే మొత్తం పడవనే మాట్లాడుకోవచ్చు. అప్పుడు మెనూ కూడా మీరే చెప్పవచ్చు.

చివరి రోజు గది ఎప్పుడు ఖాళీ చేయాలి?

టిఫిను అయిన వెంటనే, సాధారణంగా ఎనిమిదింటికో ఆ చుట్టుపక్కలో. పెట్టెలు తలుపు బయట పెట్టమంటారు. మీ విమానం సాయంత్రమైతే సామాను రిసెప్షన్‌లో ఉంచనిస్తారా, డెక్ మీద కూర్చోనిస్తారా అని ముందు రోజే అడగండి. ఎక్కేటప్పుడు రిజిస్టరు కోసం తీసుకున్న పాస్‌పోర్టులు తిరిగి తీసుకున్నారో లేదో, లాకరు ఖాళీ చేశారో లేదో, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ మర్చిపోయారేమో చూసుకుని దిగండి.